బానెట్ కింద కీచుమంటే: బెల్టా, టెన్షనరా, ఆల్టర్నేటరా? ఏది మార్చాలి, ఎంతవరకు మార్చాలి

బానెట్ కింద కొత్తగా కీచుమని శబ్దం మొదలైతే చాలా షాపుల్లో ముందుగా మారేది ఫ్యాన్ బెల్టు. ధర తక్కువ, పని చిన్నది, కొత్త రబ్బరు పట్టు వల్ల శబ్దం కూడా అప్పటికి ఆగుతుంది. కొన్ని వారాలకు అదే కీచు తిరిగొస్తుంది. ఈసారి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద అనుమానం పడుతుంది, దాన్నీ మార్చేస్తారు. అసలు దోషి అయిన, బెల్టు దారి మళ్ళించే చిన్న ఐడ్లర్ పుల్లీ మాత్రం పాత బేరింగుతో అక్కడే తిరుగుతూ ఉంటుంది.

బెల్టు అరుస్తోందంటే చాలాసార్లు లోపం బెల్టుది కాదు, బెల్టు తాకే ఇంకో భాగానిది. కాబట్టి ఏది మార్చాలన్న ప్రశ్నకు ముందు శబ్దం ఎక్కడ పుడుతోందో తేలాలి. దానికి పావుగంట, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు, నీళ్ళు పోసిన స్ప్రే సీసా, మామూలు మల్టీమీటరు చాలు. ఆ తర్వాత ఉన్న దారుల్లో ఏది డబ్బుకు తగినదో తేల్చుకోవడం సులువు. కొన్నిచోట్ల చవక దారే సరైనది. కొన్నిచోట్ల చవక దారి రెండో ఖర్చుకు తొలి మెట్టు.

ఇక్కడ చెప్పేది ఇంజిన్ ముందువైపు బెల్టుతో తిరిగే సరంజామా గురించి: ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బళ్ళలో దాని పంపు, వీటన్నిటినీ చుట్టే బెల్టును బిగబట్టే టెన్షనర్, దారి మళ్ళించే ఐడ్లర్ పుల్లీ. ఇంజిన్ లోపలి నుంచి దబ్ దబ్ మని లోతైన దెబ్బలు వినిపిస్తూ ఆయిల్ లైటు కూడా వెలిగితే అది వేరే సంగతి. ఇంజిన్ వెంటనే ఆపి బండిని లాగించి తీసుకెళ్ళాలి. ఆ స్థితిలో ఇంకో కిలోమీటరు నడపడం కూడా తప్పే.

శబ్దాన్ని విడదీయడం

కీచు రెండు రకాలు. కిచ్, కిచ్, కిచ్ అని తాళం వేసినట్టు తెగి తెగి వస్తే పుల్లీలు ఒకే గీతలో లేవని అర్థం. ఐడ్లింగ్‌లో స్పష్టంగా వినిపిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే వేగం పెరిగి ఇంజిన్ రొదలో కలిసిపోతుంది. అలా కాకుండా కీ...చ్ మని సాగదీసి, లోడు పడినప్పుడల్లా పెరిగితే బెల్టు జారుతోందని అర్థం. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే అరిచి నిమిషంలోపు తగ్గిపోవడం జారుడుకు గుర్తు. స్టార్టింగ్‌కు బ్యాటరీ ఖర్చు చేసిన కరెంటును తిరిగి నింపడానికి ఆ కొద్దిసేపు ఆల్టర్నేటర్ మీద భారం ఎక్కువ, బెల్టు దాన్ని తిప్పలేక జారుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు, ఏసీ అన్నీ ఒకేసారి వేసి చూడండి. కీచు పెరిగితే అనుమానం బలపడినట్టే. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉంటే ఒక చివరికి పూర్తిగా తిప్పి వినండి, కానీ ఆ చివర్లో ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచకండి, పంపు వేడెక్కుతుంది.

బేరింగు శబ్దం వేరు. గర్ర్‌మని గీరినట్టుగా, ఇంజిన్ వేగంతో పాటు స్థాయి పెరుగుతూ ఉంటుంది. లోడు వేసినా తీసినా ఉంటుంది. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి దాని షాఫ్టు ఇంజిన్ కంటే సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది. ఇంజిన్ 5,000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే అది 12,000 దాటి తిరుగుతుంది. మిగతావాటికంటే అక్కడి బేరింగుల్లో గ్రీజు ముందు ఎండడానికి వేగం, వేడి రెండూ కారణం. ఏసీ వేసినప్పుడే శబ్దం వస్తే కంప్రెసర్‌ను, ఏసీ ఆపాక కూడా కంప్రెసర్ వైపు నుంచే వస్తుంటే దాని పుల్లీ బేరింగును అనుమానించాలి.

ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా బెల్టు గీతలున్న వైపు స్ప్రే సీసాతో కొద్దిగా నీళ్ళు చిలకరించండి. ఆల్టర్నేటర్ మీద పడనివ్వకండి. కిచ్ కిచ్ క్షణంపాటు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీల వరస తప్పింది. కీచు ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులుగా ఉంది, లేదా టెన్షనర్ స్ప్రింగు నీరసించింది. ఏ తేడా లేకపోతే బేరింగు వైపు వెళ్ళండి. ఈ ఒక్క పరీక్ష చాలా కార్లకు అనవసరపు విడిభాగాల ఖర్చు తప్పిస్తుంది.

నీళ్ళ బదులు సబ్బుముక్క రుద్దడం, పౌడరు చల్లడం, బెల్టు మీద ఆయిల్ స్ప్రే కొట్టడం చేయకండి. సబ్బు దుమ్మును పట్టి గీతల్లో పేరుస్తుంది. ఇప్పటి బెల్టుల్లో వాడే ఈపీడీఎం రబ్బరు ఎండను, వేడిని బాగా తట్టుకుంటుంది కానీ నూనెను తట్టుకోదు, ఉబ్బి మెత్తబడుతుంది. శబ్దం నాలుగు రోజులు ఆగి, ఆ తర్వాత బెల్టే పాడవుతుంది.

బేరింగు ఏదో పట్టడానికి పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఆల్టర్నేటర్ బాడీ మీద, ఐడ్లర్ మధ్య బోల్టు మీద, వాటర్ పంపు బాడీ మీద ఒక్కొక్కటిగా ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకోండి. మంచి బేరింగు సన్నగా, ఏకధాటిగా వినిపిస్తుంది. చెడినది రాయి నూరినట్టు ఉంటుంది. ఒక్కచోట విని తీర్పు ఇవ్వకండి, లోహం శబ్దాన్ని మోసుకుపోతుంది. అన్నిచోట్లా విని ఎక్కడ గట్టిగా ఉందో పోల్చాలి. ఈ పని చేసేటప్పుడు చున్నీ, పైట, కండువా, వేలాడే గొలుసు, వదులు చేతులు ఏవీ బెల్టు దగ్గరికి రాకూడదు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. వేలు దాని దగ్గర ఉంచకండి.

బెల్టు తీసి చూస్తే

ఇంకా తేలకపోతే బెల్టు తీసి ఇంజిన్‌ను అరనిమిషం నడపాలి. శబ్దం మాయమైతే బెల్టు తిప్పే భాగాల్లోదే. అలాగే ఉంటే ఇంజిన్‌ది, అంటే టైమింగ్ చైను, ట్యాపెట్లు, ఎగ్జాస్టు లీకేజీ లాంటివి. బెల్టు తీసేముందు అది పోయే దారిని ఫోన్లో ఫొటో తీసుకోండి. అదే బెల్టు తిరిగి వేస్తారు కాబట్టి తిరిగే దిశకు చాక్‌పీసుతో బాణం గుర్తు పెట్టండి. పాత బెల్టును తిరగేసి వేస్తే కొత్త శబ్దం మొదలవుతుంది. నిమిషం దాటి నడపవద్దు, వాటర్ పంపు తిరగడం లేదు. బ్యాటరీ లైటు వెలగడం మామూలే. 2015 నుంచి మారుతి సియాజ్, ఎర్టిగాల్లో వచ్చిన స్మార్ట్ హైబ్రిడ్ లాంటి వ్యవస్థలున్న కార్లలో బెల్టే ఇంజిన్‌ను స్టార్టు కూడా చేస్తుంది. వాటి జోలికి ఇంట్లో వెళ్ళకండి. బెల్టు, టెన్షనర్ రెండూ వాటికి ప్రత్యేకమైనవి.

ఇంజిన్ ఆపి, ప్రతి పుల్లీని చేత్తో తిప్పండి. ఇక్కడ చాలామంది ఒక విషయం తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఐడ్లర్ పుల్లీ ఒక్క తోపుకు గిర్రున చాలాసేపు తిరిగితే అది బాగున్నట్టు కాదు, లోపల గ్రీజు ఎండిపోయినట్టు. బాగున్నది కొంచెం బరువుగా, మెత్తగా తిరిగి ఆగుతుంది. వాటర్ పంపు పుల్లీని రెండు వైపులా పట్టి ఊపండి, ఏమాత్రం ఆట ఉన్నా అది మార్చాల్సిందే. ఆల్టర్నేటర్ తిప్పితే బ్రష్‌ల సన్నని రాపిడి వినపడటం సహజం. అటూ ఇటూ కదలడం, మధ్యమధ్య పట్టేయడం సహజం కాదు. ఇంజిన్ తిప్పే, బెల్టును నడిపే క్రాంకు పుల్లీ లోపలి భాగానికీ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. రెండింటి మీదుగా ఒకే చాక్‌పీసు గీత గీసి, బెల్టు తిరిగి ఎక్కించి కొన్ని రోజులు నడిపి చూడండి. గీత రెండు ముక్కలై జరిగితే రబ్బరు ఊడింది. ఈ పుల్లీ చెడితే కొత్త బెల్టు, కొత్త టెన్షనర్ వేసినా కిచకిచ పోదు. చాలా షాపుల్లో దీన్ని చివరగా కూడా చూడరు.

బెల్టు ఒక్కటేనా, టెన్షనర్ కిట్టా

ముందు మీ బండిలో ఏ రకం ఉందో చూడండి. పాత మారుతి 800, ఆల్టో తరహా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌నే జరిపి బోల్టు బిగించి బెల్టు బిగువు సరిచేస్తారు. వీటికి బెల్టు ఒక్కటే మార్చడం సబబు, టెన్షనర్ ఖర్చు లేదు. కానీ ఇక్కడ జరిగే తప్పు మరొకటి. కడ్డీ వేసి ఆల్టర్నేటర్‌ను వెనక్కి గుంజి, బెల్టు తీగలా మోగేలా బిగిస్తారు. కీచు పోతుంది. ఆ భారం ఆల్టర్నేటర్ ముందు బేరింగు, వాటర్ పంపు బేరింగు మోస్తాయి, కొన్ని నెలలకు అవి గరగరలాడతాయి. రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కితే ఎన్ని మిల్లీమీటర్లు కిందికి వెళ్ళాలో కారు మాన్యువల్లో ఉంటుంది. చాలావాటిలో సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. కొత్త బెల్టు కొద్దిగా సాగుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి బిగువు చూడాలి.

స్ప్రింగు టెన్షనర్ ఉన్న బళ్ళలో లెక్క మారుతుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా టెన్షనర్ చేతిని గమనించండి. అది దాదాపు కదలకుండా, కొద్దిగా వణికితే మంచిది. పైకీ కిందికీ స్పష్టంగా కొట్టుకుంటుంటే లోపల ఊపును అణిచే డ్యాంపరు అరిగింది. ఇంజిన్ ఆపి, పానా వేసి టెన్షనర్‌ను తిప్పి వదలండి. మెత్తగా, గట్టి బలంతో వెనక్కి రావాలి. గీరుకుంటూ వస్తే, ఆగి ఆగి వస్తే, పుల్లీ ఒక పక్కకు వంగి ఉంటే మార్చాలి.

60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య బెల్టు మార్చమని చాలా కంపెనీల షెడ్యూళ్ళు చెబుతాయి. తొలి బెల్టు మార్చే సమయానికి టెన్షనర్ కూడా అన్ని కిలోమీటర్లూ తిరిగే ఉంటుంది. బెల్టు విప్పే పనికీ, టెన్షనర్ విప్పే పనికీ కూలి దాదాపు ఒకటే. అందుకే లక్ష కిలోమీటర్లు దగ్గరపడిన బండికి బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ మూడూ కలిపి మార్చడమే మేలు. ఇక్కడ బెల్టు ఒక్కటే వేసి మిగిల్చుకున్న డబ్బు ఎక్కువకాలం మిగలదు. అదే 40,000 కిలోమీటర్ల బండిలో బెల్టు మీద ఆయిల్ కారి పాడైతే కథ వేరు. లీకేజీ బంద్ చేయించి, పుల్లీలు శుభ్రం చేయించి, బెల్టు ఒక్కటి వేయించండి, చాలు. లీకేజీ ఆపకుండా బెల్టు వేస్తే అది కూడా అలాగే పోతుంది.

పగుళ్ళు లేవు కదా, బెల్టు బాగానే ఉందనుకోవడం పాత నియోప్రీన్ రబ్బరు కాలపు లెక్క. ఈపీడీఎం బెల్టులు పగలకుండానే అరుగుతాయి. గీతల మధ్య లోయలు వెడల్పై, పుల్లీ అడుగుకు తగులుతూ జారతాయి. కంటికి కొత్తగా కనిపిస్తుంది, కీచుమంటుంది. గీతల లోతు కొలిచే చిన్న ప్లాస్టిక్ గేజీలు దొరుకుతాయి. అది లేకపోతే పాత బెల్టు పక్కన కొత్తది పెట్టి గీతలు పోల్చినా తెలుస్తుంది.

కొనేటప్పుడు పాత బెల్టు వీపు మీది నంబరు చూడండి. 6పీకే1750 అంటే ఆరు గీతలు, పీకే రకం, పొడవు 1,750 మిల్లీమీటర్లు. గీతకూ గీతకూ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్లు తక్కువదో ఎక్కువదో ఉంది, సరిపోతుందని అంటే ఒప్పుకోకండి, టెన్షనర్ తన పరిధి చివర్లో పనిచేయాల్సి వస్తుంది. గేట్స్, బాండో, మిత్సుబోషి, కాంటిటెక్ లాంటివి లేదా కంపెనీ డబ్బాలోది తీసుకోండి. ఎక్కించాక ప్రతి పుల్లీ మీద గీతలన్నీ కూర్చున్నాయో లేదో టార్చి వేసి చూడండి. ఒక్క గీత బయటికి వేలాడినా కిచకిచ మొదలై, అంచు పోగులు లేస్తాయి. టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి వాల్వులను సమయానికి నడిపే బెల్టు) ఉన్న ఇంజిన్లలో ఆ పోగులు క్రాంకు పుల్లీ వెనకనుంచి టైమింగ్ కవరులోకి దూరితే నష్టం ఇంజిన్ దాకా పోతుంది.

ఐడ్లర్ పుల్లీకి బేరింగు ఒక్కటే వేయవచ్చా? పుల్లీ ఇనుపదైతే వేయవచ్చు. పాత బేరింగు ప్రెస్‌తో తీసి, దాని అంచున ఉన్న నంబరుదే, ఉదాహరణకు 6203 అని ఉంటే అదే, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ రకం వేయాలి. 6203 అంటే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ పుల్లీకి ఆ ప్రయత్నం వద్దు. దానిలో బేరింగు చుట్టూ ప్లాస్టిక్ పోతపోసి ఉంటుంది. కొట్టి తీసి కొత్తది దూర్చితే పట్టు తగ్గి ఊగుతుంది. పుల్లీ మొత్తం మార్చాలి.

ఆల్టర్నేటర్: నాలుగు దారులు

శబ్దం ఆల్టర్నేటర్‌దని తేలాక అది బేరింగుదా, కరెంటుదా అన్నది మొదటి మలుపు. మల్టీమీటరు బ్యాటరీకి పెట్టండి. ఇంజిన్ ఆపి, కాసేపు వదిలాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా చూపాలి. బ్యాటరీ సెన్సరున్న కొత్త కార్లలో ఇది అవసరాన్ని బట్టి ఎక్కువ తక్కువ అవుతుంది. తర్వాత మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టులకు మార్చి, ఇంజిన్ నడుస్తుండగా అదే చోట పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే డయోడు పోయినట్టు. డయోడు పోయిన ఆల్టర్నేటర్ కూడా ఊ మని మూలుగుతుంది, లైట్లు వేస్తే ఆ మూలుగు పెరుగుతుంది. దానికి బేరింగులు మార్చి లాభం లేదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇంజెక్షన్ బళ్ళలో అలా చేయనివ్వకండి. ఒక్కసారిగా లేచే వోల్టేజీకి ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, ఈసీయూ, కాలిపోవచ్చు.

వోల్టేజీ సరిగ్గా ఉండి శబ్దం గరగర మాత్రమే అయితే బేరింగులు మార్పించడమే అన్నిటికంటే మంచి దారి. బేరింగులు వందల్లో వస్తాయి, కొత్త ఆల్టర్నేటర్ వేలల్లో. కొన్ని డీజిల్ బళ్ళకు అది పదివేలు దాటుతుంది. పని సరిగ్గా జరిగితే ఆయువులో తేడా ఉండదు. కానీ ఆ సరిగ్గా అన్నదాంట్లోనే అంతా ఉంది. ముందుదీ వెనకదీ రెండు బేరింగులూ కలిపే మార్చాలి, ఒక్కటే మార్చడం పొదుపు కాదు. సీ3 అని ముద్ర ఉన్నవి, అంటే వేడికి వ్యాకోచించినా పట్టేయకుండా లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉన్నవి అసలువాటిలో ఉంటే అవే వేయాలి. సీ3 ముద్ర లేని బేరింగు కొలతలో సరిపోయినా వేసవిలో ఎక్కువ కాలం నిలవదు. రామగుండం, కొత్తగూడెం ఎండల్లో బానెట్ కింద వేడి సంగతి చెప్పనక్కర్లేదు. వెనక బేరింగుకు కొన్ని మోడళ్ళలో బయటి రింగు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాని బదులు మామూలు బేరింగు వేస్తే హౌసింగులో తిరిగి రంధ్రాన్ని అరగదీస్తుంది.

షాపులో నిలబడి రెండు విషయాలు చూడండి. బేరింగును సుత్తితో కొట్టి ఎక్కిస్తున్నారా, పుల్లర్, ప్రెస్ వాడుతున్నారా? షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద దెబ్బ పడితే గోళీలు దారిలో గుంటలు చేస్తాయి, కొత్త బేరింగే వారంలో గర్రుమంటుంది. రెండోది: హౌసింగు వదులైతే లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగు బిగుసుకునేలా చేస్తారు. అది చూస్తే ఆ ఆల్టర్నేటర్‌కు ఇక బేరింగు ఖర్చు పెట్టకండి. లోపల తిరిగే రోటరు పక్కకు ఒరిగి, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకు రాసుకోవడం తర్వాతి అంకం. విప్పినప్పుడే కార్బన్ బ్రష్‌ల పొడవు, అవి ఆనే స్లిప్ రింగుల మీది గాట్లు చూపించమనండి. బ్రష్‌లు అరిగి ఉంటే అప్పుడే మార్పించండి, కూలి కలిసొస్తుంది.

చాలా డీజిల్ ఇంజిన్లలో ఆల్టర్నేటర్ పుల్లీ ఒకవైపే పట్టి, రెండోవైపు వదిలే రకం. ఇది చెడితే ఇంజిన్ ఆపిన క్షణంలో కటకటమంటుంది, టెన్షనర్ చేయి ఎగిరెగిరి పడుతుంది. ప్లాస్టిక్ మూత తీసి, రోటరును వెనకనుంచి కదలకుండా పట్టి పుల్లీని తిప్పండి. ఒక దిశలో రోటరును లాక్కుపోవాలి, ఇంకో దిశలో జారాలి. రెండు వైపులా పట్టేసినా, రెండు వైపులా జారినా పోయినట్టే. దీన్ని గుర్తించకుండా టెన్షనర్ మీద టెన్షనర్ మార్చిన బళ్ళు ఎన్నో. పుల్లీ ఒక్కటే మారుతుంది, కానీ విప్పడానికి దానికి సరిపడే స్ప్లైన్ సాకెట్టు కావాలి. ఆ పనిముట్టు లేని షాపులో పైపు పానాతో పట్టి తిప్పనివ్వకండి.

రీకండిషన్ చేసిన ఆల్టర్నేటర్ మార్చుకోవడం సమయం లేనప్పుడు పనికొచ్చే దారి, ఉదాహరణకు టాక్సీ బండి ఒక పూట కూడా ఆగకూడదంటే. లోపల ఏమేమి కొత్తవి వేశారో, అంటే బేరింగులు, బ్రష్‌లు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు, బిల్లు మీద రాయించుకోండి. వారంటీ కూడా కాగితం మీదే ఉండాలి. పైన రంగు కొట్టి మెరిపిస్తే అది రీకండిషన్ కాదు. విప్పిన బళ్ళ నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్‌ది మాత్రం, కొత్తది అసలు దొరకని పాత మోడలు అయితే తప్ప, తీసుకోకపోవడమే మంచిది. దాని బేరింగులు ఎంత తిరిగాయో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ అదే గరగర కొనుక్కున్నట్టవుతుంది. తప్పదనుకుంటే ఆంపియర్లు, కనెక్టరు పిన్నులు, పుల్లీ గీతల లెక్క మూడూ పాతదానితో పోల్చి, కొత్త బేరింగులు వేయించాకే బండికి ఎక్కించండి.

స్టేటరు చుట్ట కాలినా, రోటరు రాసుకున్నా, హౌసింగు అరిగినా, డయోడ్లూ రెగ్యులేటరూ రెండూ పోయినా కొత్తదే. అప్పుడు రిపేరు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరకు వస్తుంది. మీ పాతదాని లేబులు మీద లూకాస్ టీవీఎస్, డెన్సో, బాష్, వాలియో, మిత్సుబిషి లాంటి పేర్లలో ఏది ఉందో అదే, అదే ఆంపియర్లలో తీసుకుంటే బిగింపులో తేడా రాదు. బ్రాకెట్టుకు వాషర్లు ఉంటే ఎక్కడివి అక్కడే వేయాలి. ఒక వాషరు తప్పిపోతే పుల్లీ ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి, గరగర పోయి కిచకిచ వస్తుంది.

వాటర్ పంపు, కంప్రెసర్

వాటర్ పంపుకు దారి ఒక్కటే: కొత్తది. బేరింగు, సీలు కలిసి ఉంటాయి కాబట్టి రిపేరు చేయించిన పంపు నమ్మదగ్గది కాదు. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ ఎండిన కూలెంటు రంగు చారలు కనిపిస్తే సీలు పోయింది, వెనకే బేరింగు పోతుంది. కొత్త పంపుతో పాటు కొత్త గాస్కెట్టు, మీ కారు మాన్యువల్లో చెప్పిన కూలెంటే పోయించండి. కుళాయి నీళ్ళు పోయిస్తే లోపల తుప్పు పేరుకుని సీలు త్వరగా పోతుంది. 1.5 డీసీఐ డీజిల్ ఇంజిన్ ఉన్న డస్టర్ లాంటి బళ్ళలో ఈ పంపును తిప్పేది టైమింగ్ బెల్టు. అక్కడ టైమింగ్ బెల్టు మార్చే రోజే పంపు కూడా మార్చడం తెలివైన పని, రెండుసార్లు విప్పే కూలి ఉండదు.

కంప్రెసర్ విషయంలో పుల్లీ బేరింగు, క్లచ్చి, కంప్రెసర్ మూడూ వేర్వేరు. ఏసీ ఆపినా గర్రుమంటే పుల్లీ బేరింగు. చాలావాటిలో గ్యాసు తీయకుండానే మార్చవచ్చు. గ్యాసు తీయాలి, కంప్రెసర్ మార్చాలి అని వెంటనే చెప్పే చోట ఇంకో మాట అడగండి. ఏసీ వేసినప్పుడే లోపల కొట్టుకుంటే కంప్రెసర్‌దే లోపం. అప్పుడు లోపలి లోహపు పొడి పైపుల్లోకి చేరి ఉంటుంది. పైపులు ఫ్లష్ చేయకుండా, గ్యాసులోని తేమను పట్టే రిసీవర్ డ్రయ్యరు మార్చకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే అదీ పోతుంది.

ఎక్కడ చేయించాలి, ఎంత కాలం ఆగొచ్చు

వారంటీలో ఉన్న బండి అయితే అధీకృత సర్వీసు సెంటరే. బయట విప్పించాక క్లెయిము చిక్కుల్లో పడుతుంది. వారంటీ అయిపోయిన బండికి బెల్టు, టెన్షనర్ ఎక్కడ చేయించినా ఒకటే, విడిభాగం అసలైనదైతే చాలు. ఆల్టర్నేటర్ బేరింగు మాత్రం సర్వీసు సెంటర్లు సాధారణంగా వేయవు, మొత్తం యూనిట్ మార్చమంటాయి. అందుకే ఆ పనికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట డైనమో (ఆల్టర్నేటర్), సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) పని మాత్రమే చేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళడం మంచిది. రోజంతా అదే పని చేసే చేతికి ప్రెస్, పుల్లర్, సరైన బేరింగు నంబర్లు అందుబాటులో ఉంటాయి. బేరింగుల్లో నకిలీలు ఎక్కువ. ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, ఎన్‌టీఎన్, ఎన్‌ఎస్‌కే ఏదైనా సరే సీలు విప్పని డబ్బాతో మీ ముందే తెరిపించండి. ఎస్‌కేఎఫ్‌కు నకిలీని గుర్తించే సొంత యాప్ ఉంది. పాత భాగాలన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి, మార్చారో లేదో అవే చెబుతాయి.

వాన రోజుల్లో నీళ్ళు నిలిచిన రోడ్డు దాటాక కాసేపు కీచుమని ఆగితే తొందరేమీ లేదు. కానీ ఇంజిన్ కింద ప్లాస్టిక్ గార్డు ఉందో లేదో వంగి చూడండి. సర్వీసులో తీసి మళ్ళీ బిగించని బళ్ళు చాలా ఉంటాయి. అది లేకపోతే బురద నీళ్ళు నేరుగా బెల్టు మీద, ఐడ్లర్ సీలు మీద పడతాయి. ఉదయం కొన్ని సెకన్ల కీచు అయితే వారం, రెండు వారాల్లో తీరిక చూసుకుని చేయించవచ్చు. గరగర మొదలైన బేరింగుకు అంత గడువు లేదు, దూర ప్రయాణం ముందు అసలే ఆగకూడదు. బేరింగు పట్టేస్తే బెల్టు కాలిపోతుంది లేదా తెగుతుంది. ఒకే బెల్టుతో అన్నీ తిరిగే ఇంజిన్లో వాటర్ పంపు కూడా ఆగిపోతుంది. దారిలో ఎర్ర బ్యాటరీ లైటు వెలిగి, వెంటనే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. దగ్గర్లోనే షాపుంది కదా అని ఐదు కిలోమీటర్లు లాగితే హెడ్ గాస్కెట్టు ఖర్చు మీద పడుతుంది. వేడి ఇంజిన్ రేడియేటర్ మూత మాత్రం తెరవకండి, మరిగే కూలెంటు మొహం మీదికి చిమ్ముతుంది. టెంపరేచర్ మామూలుగా ఉండి బ్యాటరీ లైటు ఒక్కటే వెలిగితే బానెట్ ఎత్తి బెల్టు ఉందో లేదో చూడండి. ఉంటే ఏసీ, బ్లోయరు, మ్యూజిక్ ఆపి, బ్యాటరీలో మిగిలిన కరెంటుతో దగ్గరి ఎలక్ట్రీషియన్ దాకా వెళ్ళవచ్చు. మధ్యలో ఇంజిన్ ఆపకండి, మళ్ళీ స్టార్టు కాకపోవచ్చు.